పొడవైన ట్రావెల్ ట్రైలర్‌ను సురక్షితంగా ఎత్తడం, మట్టం చేయడం, ఆధారం కల్పించడం

భాగం 7

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• ట్రావెల్ ట్రైలర్ బరువు ఏయే చోట్ల నేలకు చేరుతుందో లెక్కించగలుగుతారు.
• మట్టం చేయడం, ఊపు ఆపడం, ఎత్తడం అనే మూడు పనుల మధ్య తేడాను వివరించగలుగుతారు.
• ట్రైలర్‌ను ఏ క్రమంలో మట్టం చేయాలో, ఆ క్రమం ఎందుకు మారకూడదో చెప్పగలుగుతారు.
• జాకీని ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో కారణాలతో సహా వివరించగలుగుతారు.
• నేల స్వభావాన్ని బట్టి పీటనూ, చెక్క పేర్పునూ ఎంచుకోగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

టైరు పంక్చరైన ట్రాక్టరు ట్రాలీని రోడ్డు పక్కన ఆపి, జాకీ పెట్టి లేపి, చక్రం ఊడదీయడం మీరు చూసే ఉంటారు. చాలాసార్లు చక్రం వెనుక ఒక రాయి, చట్రం కింద నాలుగైదు ఇటుకలు కనిపిస్తాయి. ఆ రాయి ఎందుకు పెట్టాలి? ఆ ఇటుకలు ఎందుకు పెట్టకూడదు? ఈ రెండు ప్రశ్నలకూ కారణాలతో జవాబు చెప్పగలిగితే ఈ భాగంలోని సగం విషయం మీకు తెలిసినట్లే.

అవే ప్రశ్నలను ఇప్పుడు ఇంకా పొడవైన, బరువైన బండి విషయంలో పరిశీలిద్దాం. ట్రావెల్ ట్రైలర్ అంటే చక్రాలపై నడిచే చిన్న ఇల్లు. దీనికి సొంత ఇంజను ఉండదు. పికప్ ట్రక్కు వంటి వాహనం వెనుక తగిలించి లాగుతారు. అమెరికా, కెనడాలలో వీటి వాడకం ఎక్కువ. పడకలు, వంటగది, స్నానాల గది, నీటి ట్యాంకులు అన్నీ ఇందులో ఉంటాయి. 30 అడుగుల పొడవున్న ట్రైలర్లు అక్కడ సర్వసాధారణం.

ఇలాంటి బండిని ఒకచోట నిలిపినప్పుడు దాన్ని మట్టం చేయాలి. లోపల మనుషులు నడిస్తే ఊగకుండా చూడాలి. టైరు మార్చాలన్నా, బేరింగులకు గ్రీజు పెట్టాలన్నా ఎత్తాలి. ఈ మూడు పనులూ పైకి ఒకేలా కనిపిస్తాయి. మూడింటిలోనూ ఏదో ఒక జాకీ తిప్పుతూనే ఉంటాం. కానీ మూడింటికీ కావలసిన సాధనాలు వేరు. ఒక పనికి తయారైన సాధనాన్ని మరో పనికి వాడినప్పుడే చాలా ప్రమాదాలు జరుగుతాయి. ఈ భాగమంతటికీ మూలసూత్రం ఒక్కటే: జాకీ పని ఎత్తడం, మోయడం ఆధారం పని.

ఈ సూత్రం ట్రావెల్ ట్రైలర్‌కే పరిమితం కాదు. ట్రాక్టరు ట్రాలీకీ, లారీకీ, నిర్మాణ స్థలాల్లో వాడే చక్రాల క్యాబిన్‌కూ వర్తిస్తుంది.

7.2 బండి నిర్మాణం, బరువు పంపకం

ట్రైలర్ అడుగున రెండు పొడవైన ఉక్కు దూలాలు ఉంటాయి. వీటినీ, వీటిని కలిపే అడ్డ దూలాలనూ కలిపి చట్రం అంటాం. గోడలు, నేల, పైకప్పు అన్నీ చట్రంపైనే నిలబడతాయి. చట్రం కింద బ్రాకెట్లు, వాటికి పట్టా స్ప్రింగులు, వాటికి ఇరుసులు వరుసగా అమర్చి ఉంటాయి. పొడవైన ట్రైలర్లకు సాధారణంగా దగ్గరదగ్గరగా రెండు ఇరుసులు, అంటే మొత్తం నాలుగు చక్రాలు ఉంటాయి. ముందువైపు చట్రం త్రికోణాకారంలో ముగుస్తుంది. ఆ కొనను మెడ అందాం. లాగే వాహనానికి తగిలించే కప్లర్, మెడను పైకీ కిందికీ కదిపే మెడ జాకీ అక్కడే ఉంటాయి.

బండి బరువులో కొంత మెడ మీద, మిగిలింది ఇరుసుల మీద పడుతుంది. లాగేటప్పుడు బండి అటూఇటూ ఊగిపోకుండా ఉండాలంటే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మెడపై పడాలన్నది అమెరికాలో వాడుకలో ఉన్న నియమం.

ఉదాహరణ 1: సామానుతో కలిపి 3,600 కిలోల బరువున్న ట్రైలర్‌ను తీసుకుందాం. మెడపై 12 శాతం పడుతోంది. కప్లర్ నుంచి రెండు ఇరుసుల మధ్య బిందువుకు దూరం 5.5 మీటర్లు.

మెడపై బరువు = 3,600 × 0.12 = 432 కిలోలు
ఇరుసులపై బరువు = 3,600 − 432 = 3,168 కిలోలు
ఒక్కో పక్క చక్రాలపై = 3,168 ÷ 2 = 1,584 కిలోలు
ఒక్కో చక్రంపై = 1,584 ÷ 2 = 792 కిలోలు

గరిమనాభి ఎక్కడుందో కూడా చూద్దాం. కప్లర్ చుట్టూ భ్రామకాలను సమానం చేస్తే,

3,600 × దూరం = 3,168 × 5.5
దూరం = 4.84 మీటర్లు

అంటే గరిమనాభి ఇరుసుల మధ్య బిందువుకు 0.66 మీటర్ల ముందు ఉంది. బండి బరువంతా కప్లర్, కుడి చక్రాలు, ఎడమ చక్రాలు అనే మూడు చోట్ల నేలకు చేరుతోంది. ఈ మూడింటిని కలిపే త్రిభుజంలోనే గరిమనాభి ఉంది. అందుకే బండి నిలకడగా ఉంది. మీరు ఒక చక్రాన్ని లేపి దాని బదులు జాకీ పెట్టిన క్షణం ఈ త్రిభుజంలో ఒక మూల మారిపోతుంది. ఆ కొత్త మూల ఎంత గట్టిది అన్నదే అసలు ప్రశ్న.

ఈ అంకెలను గుర్తుంచుకోండి. మిగిలిన ఉదాహరణలన్నీ ఇదే బండికి సంబంధించినవి.

7.3 మూడు పనులు, మూడు సాధనాలు

మట్టం చేయడం: బండి నేలను క్షితిజ సమాంతరంగా తీసుకురావడం. కుడి ఎడమల తేడాను చక్రాల కింద పలకలు వేసి సరిచేస్తారు. ముందు వెనుకల తేడాను మెడ జాకీతో సరిచేస్తారు. మెడ జాకీ మోయవలసింది మెడపై పడే బరువునే. మన ఉదాహరణలో అది 432 కిలోలు.

ఊపు ఆపడం: మట్టం చేసిన తరువాత కూడా బండి స్ప్రింగుల మీదా, టైర్ల మీదా ఉంటుంది. లోపల ఒకరు నడిస్తే ఊగుతుంది. దీన్ని ఆపడానికి చట్రం నాలుగు మూలల దగ్గర స్టెబిలైజర్ జాకీలు ఉంటాయి. వాటిని నేలకు గట్టిగా ఆనించి, కొద్దిగా బిగిస్తే చాలు. బరువును చక్రాలే మోస్తూ ఉండాలి.

ఎత్తడం: చక్రాలను నేల నుంచి పైకి లేపడం. దీనికి తగిన సామర్థ్యమున్న హైడ్రాలిక్ జాకీ, జాక్ స్టాండ్లు లేదా చెక్క దిమ్మెల పేర్పు అవసరం.

స్టెబిలైజర్‌ను తిప్పితే బండి మూల పైకి లేస్తుంది. అది చూసి చాలామంది దానితోనే టైరు మార్చడానికి పూనుకుంటారు. ఇది రెండు విధాల తప్పు. మొదటిది, స్టెబిలైజర్ కాలు సన్నగా ఉంటుంది. పక్క నుంచి తోపు వస్తే తట్టుకోలేదు. రెండవది, అది ఇరుసులకు చాలా దూరంగా, చట్రం చివర ఉంటుంది. అక్కడ ఎత్తితే పొడవైన చట్రం వంగుతుంది లేదా మెలి తిరుగుతుంది. తలుపు బిగుసుకోవడం, కిటికీ మూల దగ్గర గోడపై గీత పడడం దీనికి తొలి లక్షణాలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. స్టెబిలైజర్ జాకీతో చక్రాలను ఎందుకు ఎత్తకూడదు?
2. ఉదాహరణ 1లోని బండికి ఇరుసుల మధ్య బిందువు నుంచి 3 మీటర్లు వెనుక 280 కిలోల సామాను అదనంగా పెట్టారు. మెడపై బరువు ఎంతకు తగ్గుతుంది?

7.4 మట్టం చేసే విధానం

7.4.1 మట్టం ఎందుకు?

నిద్ర సుఖంగా పట్టడానికి, సింకులో నీరు నిలవకుండా ఉండడానికి మట్టం అవసరం. వీటికంటే ముఖ్యమైన సాంకేతిక కారణం ఫ్రిజ్. చాలా ట్రైలర్లలో కంప్రెసర్ లేని శోషణ ఫ్రిజ్ ఉంటుంది. స్వీడన్‌లో బాల్ట్సార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ విద్యార్థులుగా ఉన్నప్పుడు 1922లో దీన్ని రూపొందించారు. ఇందులో అమ్మోనియా, నీరు కలిసిన ద్రావణం వేడి వల్ల పైకి చేరి, గురుత్వాకర్షణ వల్ల గొట్టాల గుండా కిందికి జారుతుంది. తిప్పే యంత్రం ఏదీ లేదు. బండి ఎక్కువగా ఒరిగి ఉంటే ద్రవం ఒకచోట నిలిచిపోతుంది. మరగబెట్టే భాగం అతిగా వేడెక్కి, క్రమంగా గొట్టం మూసుకుపోతుంది. ఆ నష్టం చాలా వరకు శాశ్వతం. కంప్రెసర్ ఫ్రిజ్‌లకు ఈ ఇబ్బంది తక్కువ. ఎంత ఒరుగు వరకు పరవాలేదో తయారీదారు పుస్తకంలో ఉంటుంది.

7.4.2 క్రమం

మొదటి మెట్టు: చోటు ఎంపిక. వీలైనంత చదునైన, గట్టి నేలను ఎంచుకోండి. చెట్టు కొమ్మలు, కరెంటు తీగలు, నీరు నిలిచే పల్లాలు గమనించండి.

రెండవ మెట్టు: కుడి ఎడమల కొలత. బండి నేలపై అడ్డంగా 1 మీటరు పొడవున్న తిన్నని పలకను ఉంచి, దానిపై రసమట్టం పెట్టండి. బుడగ మధ్యకు వచ్చేదాకా పలక పల్లపు చివరను ఎత్తండి. ఎంత ఎత్తారో కొలవండి.

ఉదాహరణ 2: పలక చివరను 3 సెం.మీ. ఎత్తితే బుడగ మధ్యకు వచ్చింది. కుడి, ఎడమ టైర్ల మధ్య దూరం 1.9 మీటర్లు. కావలసిన ఎత్తు = 3 × 1.9 = 5.7 సెం.మీ. రెండు సెం.మీ. మందమున్న పలకలు మూడు పేరిస్తే 6 సెం.మీ. అవుతుంది. 0.3 సెం.మీ. తేడా లెక్కలోకి రాదు.

మూడవ మెట్టు: పలకలపైకి ఎక్కించడం. బండిని వాహనానికి తగిలించి ఉంచే ఈ పని చేయాలి. పల్లపు వైపున్న రెండు చక్రాలూ పలకలపైకి ఎక్కాలి. ఒకదాన్నే ఎక్కిస్తే ఆ వైపు బరువు రెండింటి మధ్య సరిగా పంచుకోదు. అడుగు పలక అన్నిటికంటే పొడవుగా, పైవి మెట్లుగా పొట్టిగా ఉంటే చక్రం సులభంగా ఎక్కుతుంది. టైరు వెడల్పు మొత్తం పలకపై ఆనాలి. సగం టైరు గాలిలో వేలాడితే టైరు లోపలి పొరలు దెబ్బతింటాయి.

నాలుగవ మెట్టు: అడ్డుదిమ్మెలు. రెండు వైపులా చక్రాలకు ముందూ వెనుకా అడ్డుదిమ్మెలు బిగించండి. ఈ మెట్టును ఎప్పుడూ వదలకూడదు. అమెరికా ట్రైలర్లకు సాధారణంగా విద్యుత్ బ్రేకులు ఉంటాయి. వాటిని లాగే వాహనం నుంచి పనిచేయిస్తారు. బండికి విడిగా చేతి బ్రేకు ఉండదు. వాహనం నుంచి విడిపోయిన తరువాత బండిని పట్టి ఉంచేది అడ్డుదిమ్మెలే. ట్రాక్టరు ట్రాలీ చక్రం వెనుక పెట్టే రాయి పని కూడా ఇదే. అయితే గుండ్రని రాయి దొర్లుతుంది. ఏటవాలు ముఖమున్న దిమ్మె టైరు కిందికి బిగుసుకుంటుంది.

ఐదవ మెట్టు: వాహనం నుంచి విడదీయడం. మెడ జాకీ కింద పీట వేసి, కాలు దించి, బరువు జాకీపైకి వచ్చాక కప్లర్ గొళ్లెం తీయండి. కప్లర్ బంతి నుంచి పైకి లేచేవరకూ భద్రతా గొలుసులు విప్పవద్దు. బండి కదిలితే ఆపగల చివరి సాధనం అవే.

ఆరవ మెట్టు: ముందు వెనుకల మట్టం. రసమట్టాన్ని పొడవు దిశలో ఉంచి, మెడ జాకీతో సరిచేయండి. కప్లర్ నుంచి ఇరుసుల దాకా 5.5 మీటర్ల దూరం కాబట్టి 1 డిగ్రీ మార్పుకు మెడను సుమారు 9.6 సెం.మీ. కదపాలి.

ఏడవ మెట్టు: స్టెబిలైజర్లు. చివరగా నాలుగింటినీ దించి, నేలకు ఆనించి, కొద్దిగా బిగించండి.

ఈ క్రమానికి కారణం గమనించండి. కుడి ఎడమల తేడాను మెడ జాకీ సరిచేయలేదు. బండిని పలకలపైకి ఎక్కించాలంటే వాహనం కావాలి. కాబట్టి అది విడదీయకముందే పూర్తి కావాలి. అలాగే స్టెబిలైజర్లు దించిన తరువాత మెడ జాకీని తిప్పితే, అవి మోయకూడని బరువు మోయవలసి వస్తుంది. మెడ ఎత్తు మార్చాలనుకుంటే ముందు స్టెబిలైజర్లు పైకి తీయండి. తిరుగు ప్రయాణానికి ఇదే క్రమాన్ని వెనుక నుంచి ముందుకు పాటించాలి.

7.5 ఎత్తే విధానం

7.5.1 ముందు జాగ్రత్తలు

ఎత్తేటప్పుడు బండిని లాగే వాహనానికి తగిలించి ఉంచడమే మేలు. వాహనం హ్యాండ్ బ్రేక్ వేయండి. బండి లోపల ఎవరూ ఉండకూడదు. స్టెబిలైజర్లను పైకి తీయండి. బయటకు జరిపే గది ఉంటే లోపలికి జరపండి. వంట గ్యాస్ కట్టేయండి.

ఎత్తబోయే పక్కకు ఎదురుగా ఉన్న చక్రాలకు అడ్డుదిమ్మెలు బిగించండి. ఎడమ పక్క లేచిన తరువాత ఎడమ చక్రాల దగ్గరి దిమ్మెలకు ఏ పనీ ఉండదు. నేలను పట్టుకుని ఉన్నది కుడి చక్రాలే. ఇదే కారణంతో రెండు పక్కలనూ ఒకేసారి జాకీలపైకి ఎత్తకూడదు. నాలుగు చక్రాలూ గాలిలో ఉంటే చిన్న తోపుకే జాకీలు ఒరిగిపోతాయి.

టైరు మార్చేటట్లయితే, చక్రం నేలపై ఉండగానే నట్లను కొద్దిగా వదులు చేయండి. ఎత్తిన తరువాత బలంగా స్పానరు లాగితే బండి జాకీపై కదులుతుంది.

7.5.2 జాకీ ఎక్కడ?

తయారీదారు ఎత్తే బిందువులు గుర్తించి ఉంటే అక్కడే పెట్టాలి. లేకపోతే స్ప్రింగులను పట్టి ఉంచే బ్రాకెట్లకు దగ్గరగా, చట్రం దూలం కింద పెట్టాలి. ప్రయాణంలో ఇరుసుల భారం చట్రానికి చేరేది ఈ చోటునే. అందువల్ల చట్రం ఇక్కడ ఆ భారానికి తగినట్లు ఉంటుంది.

ఇరుసు గొట్టం కింద పెట్టకూడదు. ట్రైలర్ ఇరుసు లోపల బోలుగా ఉన్న ఉక్కు గొట్టం. దాని మధ్య జాకీ పెడితే వంగుతుంది. వంగిన ఇరుసు కంటికి కనిపించకపోవచ్చు. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక టైరు ఒక అంచున అరిగిపోవడంతో బయటపడుతుంది. అలాగే బండి నేల కింద, నీటి ట్యాంకు కింద, గొట్టాల కింద ఎక్కడా జాకీ పెట్టకూడదు.

7.5.3 ఎంత సామర్థ్యం?

ఉదాహరణ 3: ఒక పక్క చక్రాలను ఎత్తడానికి జాకీపై పడే బరువు సుమారు 1,584 కిలోలు. సామాను ఒకవైపు ఎక్కువగా ఉండవచ్చు. జాకీ సరిగ్గా ఇరుసుల మధ్య ఉండకపోవచ్చు. కాబట్టి ఒకటిన్నర రెట్లు లెక్కిస్తే 2,376 కిలోలు. 2 టన్నుల జాకీ చాలదు. 3 టన్నులది లేదా అంతకు మించినది వాడాలి. జాక్ స్టాండ్లకూ ఇదే లెక్క. కారు డిక్కీలో ఉండే జాకీ ఈ పనికి తగదు.

మరో విషయం గమనించండి. చట్రం కింద జాకీ పెట్టి లేపితే చక్రం వెంటనే లేవదు. ముందుగా స్ప్రింగులు సాగుతాయి, నొక్కుకున్న టైరు గుండ్రంగా మారుతుంది. చట్రం కొన్ని సెంటీమీటర్లు లేచిన తరువాతే చక్రం నేలను వదులుతుంది. అందుకే జాకీ తన పూర్తి ఎత్తుకు చేరినా చక్రం లేవని సందర్భాలు వస్తాయి. అప్పుడు జాకీ పైన మరో చెక్క ముక్క పెట్టడం ప్రమాదకరం. బండిని దించి, జాకీ కింద వెడల్పయిన గట్టి పీట వేసి మళ్లీ మొదలుపెట్టాలి.

7.5.4 ఎత్తిన వెంటనే

హైడ్రాలిక్ జాకీలో బరువును పట్టి ఉంచేది కొద్దిపాటి నూనె, దాన్ని ఆపే రబ్బరు సీలు, ఒక చిన్న వాల్వు. ఈ మూడింటిలో ఏది కారినా బండి దిగుతుంది. కారేముందు చెప్పదు.

ఉదాహరణ 4: 1,584 కిలోల భారం జాకీపై నుంచి 10 సెం.మీ. పడిందనుకుందాం. విడుదలయ్యే శక్తి = 1,584 × 9.8 × 0.1 = సుమారు 1,552 జౌళ్లు. 16 కిలోల రాయి 10 మీటర్ల ఎత్తు నుంచి పడితే దాదాపు ఇంతే శక్తి విడుదలవుతుంది. పది సెంటీమీటర్లే కదా అనుకోవడానికి లేదు.

కాబట్టి లేపిన మేరకు వెంటనే ఆధారం పేర్చుకుంటూ పోవాలి. కావలసిన ఎత్తుకు చేరగానే చట్రం కింద, జాకీకి దగ్గరగా స్టాండు ఉంచి, బరువు స్టాండుపైకి వచ్చేలా జాకీని మెల్లగా దించండి. జాకీని పూర్తిగా తీసేయకుండా చట్రానికి ఆనించి రెండో రక్షణగా ఉంచవచ్చు. బయట నిలబడి బండిని చేత్తో మెల్లగా నెట్టి చూడండి. కదలకపోతేనే పని మొదలుపెట్టండి. ఎత్తిన భారానికి వెంటనే దిమ్మెలతో గానీ మరో విధంగా గానీ ఆధారం కల్పించాలని అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ ఓషా నిబంధన కూడా చెబుతోంది. జాకీ మాత్రమే మోస్తున్న బండి కింద తల గానీ, చేయి గానీ పెట్టకూడదు. కింద పడిన నట్టును తీసుకోవడానికైనా సరే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. ఎడమ పక్కను ఎత్తేటప్పుడు అడ్డుదిమ్మెలు ఏ పక్క చక్రాలకు ముఖ్యం? ఎందుకు?
4. జాకీని కప్లర్ నుంచి 4.9 మీటర్ల దూరంలో, అంటే ఇరుసులకు ముందు పెడితే దానిపై పడే బరువు ఎంత?

7.6 నేల, ఆధారం

7.6.1 నేల మోయగలదా?

ఉదాహరణ 5: జాకీ అడుగు 12 సెం.మీ. × 12 సెం.మీ. అనుకుందాం. దానిపై 1,584 కిలోలు, అంటే సుమారు 15,523 న్యూటన్ల బలం పడుతోంది.

పీడనం = 15,523 ÷ 0.0144 = సుమారు 1,078 కిలోపాస్కల్‌లు

అదే జాకీ కింద 45 సెం.మీ. × 45 సెం.మీ. పీట వేస్తే,

పీడనం = 15,523 ÷ 0.2025 = సుమారు 77 కిలోపాస్కల్‌లు

పీడనం దాదాపు 14వ వంతుకు తగ్గింది. తడిసిన మెత్తని బంకమట్టి 100 కిలోపాస్కల్‌లు కూడా మోయలేకపోవచ్చు. పీట లేని జాకీ అందులోకి ఒక పక్కకు ఒరుగుతూ దిగిపోతుంది. మన నల్లరేగడి నేలల సంగతి మీకు తెలిసిందే. ఎండలో రాయిలా ఉండి, ఒక వానకే కాలు దిగబడుతుంది. ఎండలో చూసి నేల గట్టిదని నిర్ణయించకూడదు. మండు వేసవిలో తారు రోడ్డు కూడా మెత్తబడి చిన్న అడుగున్న జాకీని దిగనిస్తుంది.

పీట వంగకుండా మందంగా ఉండాలి. పలుచని పలక వంగితే బరువు మధ్యలోనే పడుతుంది, వైశాల్యం పెంచిన ప్రయోజనం పోతుంది.

7.6.2 ఇటుకలు ఎందుకు పనికిరావు?

ఇటుక, బోలు సిమెంటు దిమ్మె రెండూ పెళుసు పదార్థాలు. గోడలో సున్నం లేదా సిమెంటు పరుపుపై బరువు అంతటా సమంగా పడుతుంది కాబట్టి అవి మోస్తాయి. బండి కింద ఉక్కు దూలం అంచు ఒక్క గీతపై నొక్కుతుంది. అప్పుడు ముందస్తు గుర్తు ఏదీ లేకుండా ఒక్కసారిగా పగిలిపోతాయి. చెక్క అలా కాదు. అధిక భారం పడితే నలుగుతుంది, కిర్రుమంటుంది, తప్పుకోవడానికి వ్యవధి ఇస్తుంది. మొదట వేసిన ప్రశ్నకు జవాబు ఇదే.

7.6.3 చెక్క దిమ్మెల పేర్పు

ఒకే కొలతగల చదరపు దిమ్మెలను తీసుకోండి. పగుళ్లు, పెద్ద ముడులు, చెదలు ఉండకూడదు. మొదటి వరుసలో రెండు దిమ్మెలు సమాంతరంగా, రెండవ వరుసలో రెండు వాటికి అడ్డంగా, ఇలా మార్చిమార్చి పేర్చాలి. దిమ్మెల చివరలు కూడలి దాటి కొంత బయటకు ఉండాలి. బరువు కూడళ్ల మీదుగా నిలువునా నేలకు దిగుతుంది కాబట్టి అవి ఒకదానిపై ఒకటి సరిగ్గా రావాలి. పేర్పు ఎత్తు దాని అడుగు వెడల్పుకు రెండింతలు మించకుండా చూడండి. ట్రైలర్ పనికి అడుగు వెడల్పంత ఎత్తు సాధారణంగా సరిపోతుంది. దిమ్మెలను సర్దేటప్పుడు పక్క నుంచి పట్టుకోండి. వేళ్లు దిమ్మెకూ చట్రానికీ మధ్య ఉండకూడదు.

7.7 ఎక్కువ కాలం నిలిపి ఉంచడం

కొన్ని నెలలపాటు ఒకేచోట నిలిపే బండికి స్టెబిలైజర్లు మాత్రమే చాలవు. చట్రం రెండు దూలాల కింద, ఇరుసులకు ముందూ వెనుకా, చివరల దగ్గరా గట్టి ఆధారాలు ఉంచాలి. వాటి మధ్య దూరం ఎక్కువైతే చట్రం మధ్యలో కుంగుతుంది. తయారీదారు వేరే విధంగా చెప్పనంతవరకూ టైర్లను నేలపైనే ఉంచి, అడ్డుదిమ్మెలను అలాగే వదలాలి.

నేల అన్నిచోట్లా సమంగా కుంగదు. ఒక ఆధారం 2 సెం.మీ. దిగితే దాని భారాన్ని పక్కవి మోయవలసి వస్తుంది. అందువల్ల మొదటి వారం తరువాత ఒకసారి, ప్రతి పెద్ద వాన తరువాత ఒకసారి రసమట్టం పెట్టి చూడాలి. తలుపులు బిగుసుకుంటే తలుపు అంచు చెక్కడానికి పూనుకోకండి. ముందు కింద ఆధారాలు చూడండి.

7.8 సారాంశం

ట్రైలర్ బరువు మెడ, రెండు పక్కల చక్రాల ద్వారా నేలకు చేరుతుంది. మట్టం చేయడం, ఊపు ఆపడం, ఎత్తడం వేర్వేరు పనులు, వాటి సాధనాలూ వేర్వేరు. ముందు కుడి ఎడమలు, తరువాత అడ్డుదిమ్మెలు, ఆపైన విడదీయడం, ముందు వెనుకలు, చివరికి స్టెబిలైజర్లు అన్నది క్రమం. జాకీని ఇరుసు కింద కాక, బ్రాకెట్లకు దగ్గరగా చట్రం కింద పెట్టాలి. నేలపై పీడనం తగ్గించడానికి వెడల్పయిన పీట వాడాలి. ఎత్తిన వెంటనే బరువును స్టాండుపైకి లేదా చెక్క పేర్పుపైకి దించాలి. ఆ పని పూర్తయ్యేవరకు ఎవరూ బండి కిందికి వెళ్లకూడదు.

7.9 ముఖ్య పదాలు

మెడ: ట్రైలర్ ముందు కొన, కప్లర్ ఉండే చోటు.
అడ్డుదిమ్మె: చక్రం దొర్లకుండా ఆపే ఏటవాలు దిమ్మె.
రసమట్టం: ద్రవంలోని బుడగ ఆధారంగా మట్టం చూపే సాధనం.
స్టెబిలైజర్: బరువు మోయకుండా ఊపు మాత్రమే ఆపే జాకీ.
పేర్పు: అడ్డదిడ్డం కాకుండా వరుస మార్చి పేర్చిన చెక్క దిమ్మెల ఆధారం.

7.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. దాని కాలు పక్క తోపులకు తట్టుకోలేదు. అది చట్రం చివర ఉండడం వల్ల అక్కడ ఎత్తితే చట్రం వంగుతుంది లేదా మెలి తిరుగుతుంది.
2. తగ్గుదల = 280 × 3 ÷ 5.5 = సుమారు 153 కిలోలు. మెడపై మిగిలేది సుమారు 279 కిలోలు. మొత్తం బరువు 3,880 కిలోలలో ఇది 7 శాతం మాత్రమే. ఇలా లాగడం ప్రమాదకరం.
3. కుడి పక్క చక్రాలకు. ఎడమ చక్రాలు లేచిన తరువాత నేలను పట్టుకుని ఉండేవి అవే.
4. 1,584 × 5.5 ÷ 4.9 = సుమారు 1,778 కిలోలు.

7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పొడవైన ట్రావెల్ ట్రైలర్‌ను మట్టం చేసే క్రమాన్ని కారణాలతో వివరించండి.
2. ఒక పక్క చక్రాలను ఎత్తి సురక్షితంగా ఆధారం కల్పించే విధానాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శోషణ ఫ్రిజ్‌కు మట్టం ఎందుకు అవసరం?
2. ఆధారంగా ఇటుకకూ చెక్కకూ ఉన్న తేడా ఏమిటి?
3. మీ ఊరిలో ట్రాక్టరు ట్రాలీ చక్రం మార్చే పద్ధతిని ఒకసారి గమనించండి. ఈ భాగంలో చెప్పిన జాగ్రత్తలలో ఏవి పాటించారో, ఏవి వదిలేశారో రాయండి.